తిట్టేముందు కొలవండి

ఆట మంచి పట్టులో ఉండగా తెరమీద బొమ్మ బిగుసుకుపోయిందనుకోండి. మొట్టమొదట తిట్లు తినేది ఎవరు? నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీ. ఆ తరువాత, నెల నెలా బిల్లు వసూలుకు వచ్చే కుర్రాడు. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, రాత్రి ఎనిమిది దాటాక ఏ అపార్టుమెంటు మెట్ల మీద నిలబడ్డా ఒక్కటే కేక వినిపిస్తుంది: "మళ్ళీ నెట్ పోయింది!"

పోయింది నెట్టేనా? ఎవరైనా చూశారా? కొలిచారా? కొలవకుండా తీర్పు చెప్పటం న్యాయమూ కాదు, సైన్సూ కాదు.

నేనిక్కడ రెండు మాటలు చెప్పదలిచాను. ఒకటి, ఆట ఆగిపోవటానికి కారణం చాలాసార్లు వీధిలో కాదు, మన ఇంట్లోనే ఉంటుంది. ఆ సంగతి బడిపిల్లలు కూడా పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రెండోది, ఇంటి వైఫైకి గట్టి తాళం వేయటం మన సొంత వ్యవహారం మాత్రమే కాదు. అది ఇరుగుపొరుగు పట్ల, ఊరి పట్ల మన బాధ్యత. ఒప్పుకోని వాళ్ళుంటే చివరిదాకా చదివి వాదించండి.

లారీ కావాలా, సైకిలు కావాలా?

కొత్తపేట దగ్గర గడ్డిఅన్నారంలో చాలా ఏళ్ళు పండ్ల మార్కెట్టు ఉండేది. ఇప్పుడది బాటసింగారానికి తరలిపోయింది. నల్లగొండ బత్తాయిలు లారీల్లో వచ్చేవి. ఒక్కో లారీలో ఎన్ని టన్నులు పడితే వ్యాపారికి అంత లాభం. లారీ అరగంట ఆలస్యమైనా కొంప మునిగేదేమీ లేదు.

ఇప్పుడు మరో పని చూద్దాం. మీరూ మీ స్నేహితుడూ వేర్వేరు ఇళ్ళలో కూర్చుని చదరంగం ఆడుతున్నారు. ఒక్కో ఎత్తునూ చిన్న చీటీ మీద రాసి సైకిలు మీద పంపుతున్నారు. ఆ చీటీ మోయటానికి లారీ ఎందుకు? సైకిలు చాలు. కాని ఆ సైకిలు దారిలో ఎక్కడా ఆగకూడదు.

సినిమా చూడటం లారీ పని. ఆట ఆడటం సైకిలు పని. నెట్ కంపెనీలు ప్రకటనల్లో చెప్పే "100 ఎంబీపీఎస్", "300 ఎంబీపీఎస్" అనే అంకెలు లారీ సైజు గురించి. మీ ఆట పంపే సమాచారం మాత్రం చిన్న చిన్న చీటీలు. సెకనుకి కొన్ని పదుల చీటీలు వెళ్తాయి, కొన్ని పదులు వస్తాయి. అన్నీ కలిపి తూచినా ఒక సినిమాకు అయ్యేదాంట్లో చిన్న భాగం కూడా కాదు. అందుకే, ఆట ఆగుతున్నదని ఇంట్లో పోరుపెట్టి ఖరీదైన ప్లాను తీసుకున్నవాళ్ళకు చాలామందికి జబ్బు అలాగే ఉండిపోతుంది. సైకిలు టైరు పంక్చరైతే ఇంకా పెద్ద లారీ కొన్నట్టు!

ఆటకు కావలసింది లారీ సైజు కాదు, చీటీ వెళ్ళి జవాబు తిరిగివచ్చే కాలం. దీన్ని "పింగ్" అంటారు. మైక్ మూస్ అనే అమెరికన్ 1983 డిసెంబరులో ఈ కాలాన్ని కొలిచే చిన్న ప్రోగ్రాము రాశాడు. జలాంతర్గామి "పింగ్" మని ఒక శబ్దాన్ని నీటిలోకి వదిలి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి ఎదుటి వస్తువు దూరం లెక్కకడుతుంది కదా, ఆ పద్ధతిని తలచుకునే ఆయన ఈ పేరు పెట్టాడు. నలభై ఏళ్ళు దాటినా ఆ ప్రోగ్రాము ఇప్పటికీ ప్రతి కంప్యూటరులోనూ ఉంది.

పింగ్ ఎంత ఉండాలి? మనమే లెక్కవేద్దాం. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. శూన్యంలో వెళ్ళేదాంట్లో ఇది మూడింట రెండు వంతులు. ముంబయి మనకు సుమారు 700 కిలోమీటర్లు. వెళ్ళి రావటానికి 1,400. భాగిస్తే 7 మిల్లీసెకన్లు. అదే ఆట సర్వరు సింగపూర్‌లో ఉంటే? తిన్నగా 3,300 కిలోమీటర్లు, రానూపోనూ 6,600, అంటే 33 మిల్లీసెకన్లు. నిజానికి తీగ తిన్నగా వెళ్ళదు, దారిలో ఎన్నో కూడళ్ళు ఉంటాయి. కాబట్టి అసలు అంకె ఇంతకంటె ఎక్కువే ఉంటుంది. కంపెనీ ఎంత గొప్పదైనా కాంతి వేగాన్ని మాత్రం పెంచలేదు.

ఒక దీపం వెలగగానే మీట నొక్కమంటే మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి పింగ్ 30 అయినా 50 అయినా ఆటకు పెద్ద నష్టం లేదు. అసలు శత్రువు నిలకడ లేకపోవటం. పది నిమిషాలకొక బస్సు ఠంచనుగా వస్తే మనకు ఇబ్బంది లేదు. అరగంట దాకా ఒక్కటీ రాక, ఆ తరువాత మూడూ ఒకదాని వెనక ఒకటి వస్తేనే చిరాకు. సగటు చూస్తే రెండూ ఒకటే! పింగ్ కూడా అంతే. 30, 31, 29, 30 అని వస్తే హాయి. 20, 20, 350, 20 అని వస్తే, ఆ 350 దగ్గరే మీ ఆటగాడు తెరమీద చచ్చిపోతాడు.

పది నిమిషాల ప్రయోగం

దొంగ ఇంట్లో ఉన్నాడా, వీధిలో ఉన్నాడా అని తేల్చాలంటే గుమ్మం దగ్గర నిలబడాలి. మన నెట్‌కు గుమ్మం రౌటరు. కనుక రెండు పింగ్‌లు కొలవాలి. మొదటిది మీ కంప్యూటరు నుంచి రౌటరు దాకా. రెండోది మీ కంప్యూటరు నుంచి బయట ఏదైనా పెద్ద సర్వరు దాకా. రౌటరు చిరునామా సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. సెల్‌ఫోనులో అయితే పింగ్ కొలిచే ఉచిత ఆప్‌లు ఉన్నాయి.

రెండింటినీ ఒకేసారి నూరేసి సార్లు కొలిచి నోటు పుస్తకంలో రాయండి. ఆట ఆగే వేళకే కొలవాలి సుమా! పొద్దున్న ఆరింటికి కొలిస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఇప్పుడు చూడండి. రౌటరు పింగ్ రెండు మూడు మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉండి, బయటి పింగ్ మాత్రం ఎగిరి పడుతుంటే, దోషం గుమ్మం అవతల ఉంది. ఆ కాగితం చూపించి కంపెనీని నిలదీయండి. రౌటరు పింగే 5, 80, 200 అని గంతులు వేస్తుంటే, కంపెనీని తిట్టినందువల్ల ప్రయోజనం లేదు. దోషం మీ గదికీ రౌటరుకీ మధ్య గాలిలో ఉంది.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. అక్కయ్య పెళ్ళి వీడియో ఎక్కడికో పంపుతున్నప్పుడు మాత్రమే బయటి పింగ్ ఎగిరితే అది మూడో రకం. అప్పుడు రౌటరు ద్వారం దగ్గర సమాచారం బారు కట్టి నిలబడుతుంది. మీ చిన్న చీటీ, ఆ వీడియో లారీల వెనక ఇరుక్కుంటుంది. కొన్ని రౌటర్లలో చీటీలను ముందు పంపే ఏర్పాటు ఉంది. లేకపోతే ఇంట్లో మాట్లాడుకుని వేళలు పంచుకోవలసిందే.

గాలి అందరిదీ

గాలిలో ఏం జరుగుతుందో చూద్దాం. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఆబ్రాంసన్ అనే ఆచార్యుడూ, ఆయన బృందమూ దీవుల మధ్య కంప్యూటర్లను రేడియో ద్వారా కలిపారు. అందరికీ ఒకటే రేడియో దారి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అర్థం కాదు. అప్పుడేం చేయాలి? ఇద్దరూ ఊరుకుని, చెరొక కొంతసేపు ఆగి, మళ్ళీ ప్రయత్నించాలి. ఎంతసేపు ఆగాలన్నది బొమ్మా బొరుసూ వేసినట్టు ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. దీనికి "అలోహా" అని పేరు పెట్టారు. 1997లో వచ్చిన వైఫై ప్రమాణం కూడా ఈ కుటుంబం లోదే. కాకపోతే మర్యాద కొంచెం ఎక్కువ. ముందు చెవి పెట్టి వింటుంది, ఎవరూ మాట్లాడటం లేదని తెలిశాకే నోరు విప్పుతుంది.

ఎల్బీ నగర్‌లో ఒక అపార్టుమెంటు ఊహించుకోండి. అయిదు అంతస్తులు, ఒక్కో అంతస్తులో నాలుగు ఫ్లాట్లు. అంటే ఇరవై రౌటర్లు. పక్క భవనంలో మరో ఇరవై. పాత 2.4 గిగాహెర్ట్‌జ్ దారిలో మన దేశంలో వాడుకునే ఛానెళ్ళు పదమూడు. పదమూడు ఉన్నాయి కదా, చాలా అనుకోకండి! ఛానెళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్‌జ్. ఒక్కో సంభాషణకు కావలసిన వెడల్పు 20 మెగాహెర్ట్‌జ్. అంటే ఒకరి మోచేయి ఒకరికి తగలకుండా కూర్చోగలిగేది ముగ్గురే: 1, 6, 11. మూడు కుర్చీల కోసం నలభై రౌటర్లు! పైగా బ్లూటూత్ కూడా అక్కడే. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే, 2.45 గిగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేస్తుంది. రాత్రి ఎనిమిదింటికి మీ చీటీ తన వంతు కోసం నిలబడిందంటే ఆశ్చర్యమేముంది? హాస్టళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. కోచింగు కోసం వచ్చిన విద్యార్థులతో నిండిన దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో అంతస్తుకొక రౌటరు చుట్టూ పదుల ఫోన్లు ఉంటాయి.

ఈ దారిని మన ప్రభుత్వం 2005లో లైసెన్సు అవసరం లేకుండా అందరికీ వదిలింది. మంచి పని. అనుమతి అక్కర్లేదు కాబట్టే ఇంటింటికీ వైఫై వచ్చింది. కాని దానితోపాటు వచ్చిన షరతును జనం మరిచిపోతారు. పక్కవారి వల్ల అంతరాయం కలిగితే ఫిర్యాదు చేసే హక్కు ఎవరికీ లేదు. ఊరుమ్మడి చెరువు లాంటిదన్నమాట. దాన్ని బాగా వాడుకోవాలన్నా, పాడుచేసుకోవాలన్నా ఊరివాళ్ళ చేతిలోనే ఉంది.

మరి మనవాళ్ళు ఏం చేస్తున్నారు? నెట్ ఆగింది కదా అని ఒకరు పెద్ద యాంటెన్నాల రౌటరు కొంటారు. అది చూసి పక్కవారు బూస్టరు తెస్తారు. బూస్టరు ఏం చేస్తుంది? విన్న ప్రతి మాటనూ మళ్ళీ ఒకసారి అంటుంది. ఒక మాట రెండుసార్లు అనేసరికి గాలిలో ఖాళీ మరింత తగ్గుతుంది. తరగతిలో గోలగా ఉందని అందరూ గొంతు పెంచితే గోల తగ్గుతుందా?

నా అభిప్రాయంలో దీనికి మందులు మూడు. మొదటిది, ఆట ఆడే యంత్రానికి తీగ వేసుకోవటం. అవును, మామూలు లాన్ తీగే! ఇది వెనకటి కాలానికి వెళ్ళటం కాదు. 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌ను ఊహించినప్పుడు ఆయనకు దారి చూపింది అలోహాయే. ఈనాటి ఈథర్‌నెట్ తీగలో మాత్రం ఎవరి దారి వారిది, వంతు కోసం ఆగే పనే లేదు. నూరు మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా వెళ్తుంది. ఇరవై మీటర్ల తీగ కొత్త రౌటరు కంటె ఎంతో చవక. మీరు తీగ మీదికి మారితే గాలిలో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది కాబట్టి పక్కింటివారికి కూడా మేలే.

రెండోది, తీగ వీలుకాని చోట 5 గిగాహెర్ట్‌జ్ దారి వాడటం. 2018లో మన దేశంలో ఈ దారిని బాగా వెడల్పు చేశారు. ఈ తరంగాల పొడవు సుమారు 6 సెంటీమీటర్లు, పాతవాటిది 12.5. ఇవి గోడలను అంత బాగా దాటలేవు. లోపమే కదా అంటారేమో! ఇరుకు భవనాల్లో అదే సుగుణం. మీది పక్కింటికి పోదు, పక్కింటిది మీకు రాదు. రౌటరూ మీరూ ఒకే గదిలో ఉంటే చాలు. రౌటరును మాత్రం ఇనప బీరువా వెనక దాచకండి. ఇనుముకు, నీళ్ళ ట్యాంకుకు, కాంక్రీటు గోడలోని కడ్డీలకు తరంగాలు లోకువ.

మూడోది అసలు మందు. అపార్టుమెంటు సంఘాలు కార్ల పార్కింగుకు గీతలు గీస్తాయి, నీళ్ళకు వేళలు పెడతాయి. గాలికి ఎందుకు పెట్టకూడదు? అంతస్తులవారీగా 1, 6, 11 పంచుకోండి. ఛానెల్ వెడల్పు 20 దగ్గరే ఉంచండి. కొత్త భవనం కట్టేవారు కరెంటు గొట్టం వేసినట్టే గుమ్మం నుంచి ప్రతి గదికీ నెట్ తీగ గొట్టం గోడలోనే వేయాలి. తరువాత గోడ పగలగొట్టటం కంటె ముందు వేయటం చవక.

తప్పు బయట ఉన్నప్పుడు

తప్పంతా ఇంట్లోదే అంటే అదీ అన్యాయమే. 2025 ఆగస్టులో మనకు దగ్గర్లోనే, రామంతపూర్‌లో, శ్రీకృష్ణాష్టమి శోభాయాత్రలో రథానికి విద్యుత్తు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తరువాత విద్యుత్తు సంస్థ వారు స్తంభాల మీద ఇష్టం వచ్చినట్టు వేలాడుతున్న కేబుళ్ళను నగరమంతా కోసేయటం మొదలుపెట్టారు. ఎన్నో పేటల్లో నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది. ఆ రోజుల్లో ఇంట్లో ఎన్ని ప్రయోగాలు చేసినా ఫలితం బయటి దోషమనే వస్తుంది.

ఇందులో ఎవరి పక్షాన మాట్లాడాలి? మనిషి ప్రాణం కంటె ఎవరి ఆటా ఎక్కువ కాదు, అందులో వాదన లేదు. కాని కోసేయటం పరిష్కారం కాదు, కోయవలసి వచ్చేట్టు వేయటం అసలు తప్పు. మెట్రో రైలు 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్ దాకా వచ్చింది. అంత పని చేయగలిగిన ఊరు, నెట్ తీగలకు భూమిలో గొట్టాలు వేయలేదా? తీగలు భూమిలోకి వెళ్తే స్తంభానికీ బరువు తగ్గుతుంది, మన కనెక్షన్‌కూ ఆయువు పెరుగుతుంది.

తాళం సంగతి

ఇప్పుడు రెండో మాటకు వద్దాం. మీ ఇంటి వైఫై పాస్‌వర్డు ఏమిటి? నాకు చెప్పవద్దు! ఒక్క ప్రశ్నకు మాత్రం మనసులో జవాబు చెప్పుకోండి. అది మీ నాన్నగారి సెల్‌ఫోను నంబరేనా?

కనెక్షన్ బిగించే రోజున హడావిడిలో ఏదో ఒకటి పెట్టమంటే, ఫోను నంబరు పెట్టేసి వెళ్ళటం చాలాచోట్ల అలవాటు. గుర్తుంచుకోవటం సులువు, పది అంకెలు ఉన్నాయి కదా, గట్టిదే అనిపిస్తుంది. ఎంత గట్టిదో లెక్కవేద్దాం.

మన సెల్‌ఫోను నంబర్లు 6, 7, 8, 9 లలో ఒకదానితో మొదలవుతాయి. మిగిలిన తొమ్మిది స్థానాల్లో ఏ అంకెయినా ఉండవచ్చు. కాబట్టి మొత్తం నంబర్లు 400 కోట్లకు మించవు. మీ ఫోను రౌటరుతో చెయ్యి కలిపేటప్పుడు వాటి మధ్య నాలుగు చిన్న సందేశాలు నడుస్తాయి. ఇప్పుడు మన ఇళ్ళలో ఎక్కువగా ఉన్న డబ్ల్యూపీఏ2 పద్ధతిలో, ఆ సందేశాలను గాలిలో పట్టుకున్నవాడు ఇంటికి వెళ్ళి తీరికగా ఒక్కో పాస్‌వర్డునూ ఊహించి సరిచూసుకోవచ్చు. ఆట బొమ్మలు గీయటానికి వాడే మంచి గ్రాఫిక్సు కార్డు ఉంటే సెకనుకి పది లక్షల ఊహలు చూడటం కష్టం కాదు. 400 కోట్లను పది లక్షలతో భాగించండి. 4,000 సెకన్లు. అంటే గంటా ఏడు నిమిషాలు! ఆ కాలంలో మనం ఒక సినిమా సగం చూస్తాం.

అదే పన్నెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, ఏ అర్థమూ లేకుండా చీట్లు తీసి పేర్చారనుకోండి. 26ను పన్నెండుసార్లు హెచ్చవేస్తే సుమారు 95,00,00,00,00,00,00,000 వస్తుంది. అదే కార్డుతో దీనికి మూడు వేల సంవత్సరాలు కావాలి. అంకెలకూ అక్షరాలకూ తేడా చూశారూ!

ఇది కాగితం లెక్క అని కొట్టిపారేయకండి. 2021లో ఇజ్రాయెల్‌లో ఇడో హోర్విచ్ అనే భద్రతా పరిశోధకుడు టెల్ అవీవ్ వీధుల్లో తిరిగి 5,000 వైఫైల సందేశాలు సేకరించాడు. అందులో 70 శాతం పాస్‌వర్డులు తేలిపోయాయి. వాటిలో పెద్దభాగం ఏమిటనుకున్నారు? సెల్‌ఫోను నంబర్లే! అలవాటు అన్ని దేశాల్లోనూ ఒకటే.

తాళాల చరిత్ర కూడా తెలుసుకోవలసిందే. వైఫైతోపాటు వచ్చిన మొదటి తాళం "వెప్". 2001లో ముగ్గురు శాస్త్రజ్ఞులు అందులో మూల దోషమే ఉందని చూపించారు. 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చింది. 2017లో బెల్జియంలో మాథీ వాన్‌హూఫ్ దానిలోనూ ఒక బీట కనిపెట్టాడు. కంపెనీలు సాఫ్ట్‌వేరు సవరించి పూడ్చాయి. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. ఇందులో ఇంటికి వెళ్ళి తీరికగా ఊహించే వీలు లేదు, ఒక్కో ఊహకూ రౌటరునే అడగాలి. దీన్నిబట్టి తెలిసేదేమిటి? శాశ్వతమైన తాళం లేదు. రౌటరు సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు కొత్తది వేయటం, పాతబడిన రౌటరును మార్చటం తాళానికి నూనె వేసినంత అవసరం.

ఇది మన ఒక్కరి సంగతి కాదు

"దొంగతనంగా నాలుగు వీడియోలు చూస్తే చూడనీ, పోయేదేముంది?" అనే పెద్దమనసు వాళ్ళున్నారు. 2008 జులైలో అహ్మదాబాదులో బాంబులు పేలటానికి ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు, నవీ ముంబయిలోని ఒక ఇంటి తాళం లేని వైఫై మీదుగా వెళ్ళింది. పోలీసులు మొదట ఆ ఇంటికే వచ్చారు. ఆ ఇంటాయనకు కుట్రతో ఏ సంబంధమూ లేదని తరువాత తేలింది. దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళకు ఇటువంటి మాటల బరువు వేరే చెప్పక్కర్లేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మన బస్టాపుల దగ్గర ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దలను అడగండి. మన గుమ్మం తెరిచి ఉంచితే అందులోంచి ఎవరు నడిచిపోతారో మనం ఎంచుకోలేం.

రెండో ఉదాహరణ ఆటలదే. 2016లో అమెరికాలో ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉన్న ముగ్గురు కుర్రవాళ్ళు "మిరాయ్" అనే ప్రోగ్రాము తయారుచేశారు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్లు నడిపే వ్యాపారంలో పోటీవాళ్ళ సర్వర్లను పడగొట్టటం దాని మొదటి ఉద్యోగాల్లో ఒకటి. ఆ ప్రోగ్రాము చేసే గొప్ప మాయ ఏమీ లేదు. ప్రపంచంలోని ఇంటి రౌటర్లనూ కెమెరాలనూ తడుతూ, ఫ్యాక్టరీలో పెట్టిన "అడ్మిన్, అడ్మిన్" లాంటి అరవై చిల్లర పాస్‌వర్డులు ప్రయత్నిస్తుంది. తెరుచుకున్న ప్రతిదాన్నీ తన సైన్యంలో చేర్చుకుంటుంది. ఆ ప్రోగ్రాము బయటికి పొక్కాక, 2016 అక్టోబరు 21న ఎవరో దాని సాయంతో డిన్ అనే సంస్థ మీద దాడి చేశారు. ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి మూగబోయాయి. ఆ కుర్రవాళ్ళు 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ఆ సైన్యంలో ఉన్న సిపాయిలు మాత్రం ఎవరు? ఏ పాపమూ ఎరగని ఇళ్ళలోని రౌటర్లు, కెమెరాలు. అవి తమ ఇంటివాళ్ళ ఆటనూ నెమ్మదింపచేసి, ఊళ్ళో వాళ్ళ ఆటనూ చెడగొట్టాయి. చూశారా, భద్రత వేరు, ఆట నిలకడ వేరు అనుకుంటాం గాని రెండూ ఒకే తాళం మీద ఆధారపడి ఉన్నాయి.

కొన్ని అభ్యంతరాలు

"పక్కింటి పిల్లవాడు ఆన్‌లైన్ క్లాసుకు పాస్‌వర్డు అడిగితే లేదనాలా? అంత పిసినారితనం నేర్పుతారా?" అని మీ అమ్మమ్మ అడగవచ్చు. ఆమె అడిగింది న్యాయమే. దానికి రౌటరులోనే దారి ఉంది. "గెస్ట్" అనే వేరే వైఫై పెట్టవచ్చు. వచ్చినవారికి వసారాలో కుర్చీ వేసి మర్యాద చేస్తాం, బీరువా తాళంచెవి చేతికివ్వం కదా! క్లాసు అయ్యాక ఆ పాస్‌వర్డు మార్చవచ్చు.

"నెట్ బాగుపడితే పిల్లలు ఇంకా ఆడతారు, ఇలాగే ఉండనీ" అనే నాన్నలున్నారు. చెడిన నెట్ క్రమశిక్షణ నేర్పదు, విసుగు నేర్పుతుంది. వేళ పెట్టుకుని ఆడటం ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోవలసిన విషయం. డబ్బు పందెం పెట్టే ఆటల సంగతి మాత్రం వేరు. తెలంగాణ 2017లోనే వాటిని నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. "ఉచితంగా వజ్రాలు ఇస్తాం, ఓటీపీ చెప్పండి" అనేవాడికి మనమే తలుపు తీస్తే ఏ వైఫై తాళమూ కాపాడలేదు. అలా డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే ఇంట్లో చెప్పి 1930కి ఫోను చేయించండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

మూడో అభ్యంతరం మీ నుంచే రావచ్చు. "ఈ లెక్క నిజమో కాదో పక్కింటి వైఫై మీద చూస్తే?" వద్దు! అనుమతి లేకుండా ఇతరుల తాళం తీయటం 2000 నాటి ఐటీ చట్టం కింద నేరం. మీ ఇంటి రౌటరు ఉంది, మీ పాస్‌వర్డు ఉంది, కాగితమూ పెన్సిలూ ఉన్నాయి. ప్రయోగానికి అవి చాలు.

కంపెనీలను కూడా ఒక మాట అడగాలి. ఫోను నంబరును పాస్‌వర్డుగా పెట్టి వెళ్ళే అలవాటు మానిపించండి. ప్రతి రౌటరుకూ వేరే వేరేగా, అర్థంలేని పాస్‌వర్డు అచ్చువేసి ఇవ్వండి. ప్రకటనల్లో లారీ సైజుతోపాటు, రాత్రి తొమ్మిదింటికి పింగ్ ఎంత నిలకడగా ఉంటుందో కూడా చెప్పండి. బత్తాయి కొనేవాడికి కాటా చూసే హక్కు ఉన్నట్టే నెట్ కొనేవాడికీ ఉండాలి.

ఇక మీ పని. ఈ ఆదివారం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. వైఫై పాస్‌వర్డు మార్చండి. రౌటరులోకి వెళ్ళే "అడ్మిన్" పాస్‌వర్డు వేరు, దాన్నీ మార్చండి. సాఫ్ట్‌వేరు కొత్తది ఉందేమో చూడండి. రాత్రి ఎనిమిదిన్నరకు రెండు పింగ్‌లూ నూరేసి సార్లు కొలిచి గ్రాఫు గీయండి. దోషం లోపల ఉంటే తీగ తెచ్చుకోండి, బయట ఉంటే గ్రాఫు తీసుకుని ఫిర్యాదు చేయండి. గ్రాఫు చూపించే పిల్లవాడిని, పిల్లను ఏ కంపెనీవాడూ "అంతా బాగానే ఉంది" అని పంపించలేడు.